మోకాలిలో దాక్కున్నది, నేను దాచినది

నా కుడి మోకాలిని మూడుసార్లు తెరిచి కుట్టారు. మొదటిసారి అరిగిపోయిందని, రెండోసారి లోపల పురుగు దాక్కుందని, మూడోసారి ఆ పురుగు పోయిందని. ఇప్పుడు కర్ర లేకుండా ఇంట్లో తిరుగుతున్నాను, కోడలి వంటకు వంకలు పెడుతున్నాను. అంటే బాగున్నానని అర్థం.

మోకాలో తుంటో మార్పించుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇప్పుడు వీధికి నలుగురున్నారు అలాంటివాళ్ళు. భయపెట్టాలని కాదు. జబ్బు నన్ను ఏడిపించినదాని కంటే నా పొదుపు ఎక్కువ ఏడిపించింది. ఆ సంగతి చెప్పుకోవాలి.

మాది బొబ్బిలి పక్క పల్లె. పెళ్ళయిన ఏడాదికి మా ఆయనకు ఉక్కు ప్లాంటులో ఉద్యోగం దొరికి నన్ను భిలాయి తీసుకొచ్చారు. రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో ముప్పై ఏళ్ళు పట్టాలను పరీక్ష చేసే పని ఆయనది. రిటైరయ్యాక అక్కడే కోహ్కాలో ఇల్లు కట్టుకున్నాం, పైన డాబాతో. కొడుకు శ్రీను కూడా ప్లాంటే, షిఫ్టు డ్యూటీ. కోడలు సునీత చరోదా రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం సగం హిందీ దొర్లుతుంది. నా చదువు మూడో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. హిందీ గడగడా మాట్లాడతాను గాని చదవడం రాదు.

జూన్

మోకాలు మార్పించుకున్న మొదటి ఏడాది హాయిగా గడిచింది. డాబా మీద వడియాలు పెట్టాను, కూరగాయల సంతకు నడిచి వెళ్ళాను. రెండో ఏడాది ఎండలు ముదిరాక నొప్పి మొదలైంది. పాత నొప్పి లాంటిది కాదు. పాతది నడిస్తే వచ్చేది, కూర్చుంటే పోయేది. ఇది నాతోపాటే కూర్చునేది, నాతోపాటే పడుకునేది. జ్వరం లేదు, ఎరుపు లేదు, వాపు కూడా చూసీచూడనట్టు ఉంది. ఒక్కటే తేడా. రెండు మోకాళ్ళ మీద రెండు అరచేతులు పెట్టి చూస్తే కుడిది కాస్త వెచ్చగా తగిలేది, పొయ్యి మీంచి దించి చాలాసేపయిన గిన్నెలా.

మా ఆయనను పిలిచి చెయ్యి పెట్టించాను.

"ఎచ్చగున్నాదా నేదా?"

ఆయన ఒకసారి ఈ కాలు, ఒకసారి ఆ కాలు, మళ్ళీ ఈ కాలు తడిమి చూశారు. మిల్లులో పడ్డ అలవాటు. "ఉన్నాదే. లోపలేటో ఉన్నాది," అన్నారు.

"లోపలేటుంటాది? ఇనుముంటాది. ఎండకి కాగినాది."

"ఇంట్లో కూకున్నదానికి ఎండేటే? పట్టా పైకి అద్దంలాగుంటాది. లోపల సన్న పగులుంటే కంటికి అగుపడదు. మిషను పెట్టి లోపలికి సౌండు పంపితే గాని తెల్దు. డాక్టరుకి సూపించుకో."

"నాను పట్టానేటి, సౌండు పంపడానికి?" అని కసిరాను. కాని భయం మాత్రం లోపల కూర్చుంది. జూలై మొదటివారంలో రాయపూర్ వెళ్ళి చూపించుకోవడానికి ఒప్పుకున్నాను.

జూలై

ఇక్కడ నా రేకు డబ్బా సంగతి చెప్పాలి. బిస్కెట్ల డబ్బా అది, మూత గట్టిది. ప్లాంటు కుటుంబాలకు మందులు ఊరికే వస్తాయి. డాక్టరు అయిదు రోజులకు రాస్తే మూడో రోజుకే మనకు బాగుంటుంది, మిగతావి వెయ్యం. ఊరికే వచ్చిందైనా వస్తువు వస్తువే కదా, పారేయడానికి చేతులు రావు. మా ఇంట్లో మిగిలినవన్నీ ఆ డబ్బాలోకి వచ్చేవి. వీధిలోవాళ్ళు కూడా తమవి తెచ్చి ఇచ్చేవాళ్ళు. పంటివి, గొంతువి, కడుపువి, జ్వరానివి వేరువేరుగా పెట్టేదాన్ని. బియ్యానికి పాటించే పద్ధతే వాటికీ: పాతవి ముందు, కొత్తవి వెనక. గడువు దగ్గరపడ్డ స్ట్రిప్పు పైకి వచ్చేది. వీధిలో ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా ముందు మా గుమ్మం ఎక్కేవాళ్ళు. నాకు డబ్బా డాక్టరమ్మ అని పేరు కూడా పెట్టారు. నాకది గొప్పగానే ఉండేది, ఎందుకు దాచాలి.

రాయపూర్ వెళ్ళే ముందు రోజు సునీత అలమర సర్దుతూ ఆ డబ్బా పట్టుకుని వీధిలోకి వెళుతోంది.

"అత్తయ్యా, ఇదంతా బేకార్. ఆధీ ఆధీ స్ట్రిప్పులు. ఎవరు తింటారు? చెత్త గాడీ వచ్చింది, ఇచ్చేస్తాను."

నేను కుంటుకుంటూ వెళ్ళి లాక్కున్నాను. "మీ పుట్టింటోళ్ళు రైల్వేవోళ్ళు. తినడం, కిటికీలోంచి ఇసిరీడం. మా ఇంట్లో వొస్తువు అలగ బైటికెల్లదు."

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. ఆ రోజు నుంచి అడిగినదానికి "హాఁ", "నహీ" తప్ప ఇంకో మాట లేదు.

మర్నాడు ఆసుపత్రిలో వరసగా ఇనప కుర్చీలు, ప్రతి కుర్చీలో ఒక మోకాలు. డాక్టరు చిన్నవాడే, నన్ను మాతాజీ అని పిలిచాడు. ఎక్స్‌రే ఫోటో తీయించాడు, రక్తం తీయించాడు. ఎముకకూ లోహానికీ మధ్య సన్నని గీత లాంటి సందు కనబడుతోందని, రక్తంలో కూడా ఏదో కొద్దిగా తేడా ఉందని చెప్పాడు. తర్వాత కుర్చీ దగ్గరకు జరుపుకుని నెమ్మదిగా వివరించాడు.

"మాతాజీ, కీలు ఊరికే వదులై ఉండొచ్చు. అలాగయితే ఒక్క ఆపరేషను, మార్చేస్తాం. లేదా లోపల ఇన్ఫెక్షను దాక్కుని ఉండొచ్చు. అప్పుడు కీలు తీసేసి, కడిగి, కొన్ని నెలలు మందులు ఎక్కించి, ఆ తర్వాతే కొత్తది వెయ్యాలి. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. పురుగు ఉందని తెలియక కొత్త కీలు వేశామా, అదీ పాడవుతుంది. ఆ తర్వాత ఇంకోటి నిలబెట్టడానికి అక్కడ ఎముక మిగలకపోవచ్చు."

ఎముక మిగలకపోతే ఏమవుతుందని నేను అడగలేదు. నాకు తెలుసు. మా వీధి చివర ఒక ముసలావిడ ఆరేళ్ళుగా కుర్చీలోనే ఉంది, ఆమెకు స్నానం కూడా ఒకరు చేయించాలి.

పది రోజుల తర్వాత సూదితో మోకాలిలోంచి నీరు తీసి పరీక్షకు పంపుతామన్నారు. ఏమేం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో రాసిన కాగితం ఒకటి ఇచ్చారు, హిందీలో. ఇంకో రోజయితే నాతో వచ్చిన సునీత ఆ కాగితం అక్కడే నాకు చదివి వినిపించేది. మందుల చీటీ అయినా, కరెంటు ఆఫీసు నోటీసు అయినా చదివి చెప్పేది ఆ పిల్లే. ఆ రోజు మడిచి ఫైల్లో పెట్టేసింది. నేనూ అడగలేదు. అడిగితే తగ్గినట్టు కదా.

ఇక ఆ పది రోజుల్లో నేను చేసిన ఘనకార్యం. డబ్బా తెరిస్తే పైన శ్రీను పంటినొప్పి మాత్రలు ఆరు కనబడ్డాయి. గడువు ఆ నెలాఖరుకే. పక్కింటి పార్వతమ్మ గొంతునొప్పికి వాడగా మిగిలినవి నాలుగు, వాటిదీ అదే వరస. పారేయాల్సి వస్తుందే అని ప్రాణం ఉసూరుమంది. నా మోకాలూ నొప్పే, ఇవీ నొప్పికే ఇచ్చారు, వేసుకుంటే పనికొస్తాయి, వృథా కావు అనుకున్నాను. సాయంత్రం ఒకటి, పొద్దున ఒకటి. అయిదు రోజుల్లో పదీ అయిపోయాయి. ఆఖరిది సూది వేసే రోజు పొద్దున్నే మింగాను. మోకాలు చల్లబడింది కూడా! ఆసుపత్రిలోకి దర్జాగా నడిచి వెళ్ళాను.

నర్సమ్మ అట్టకు కాగితం తగిలించుకుని వచ్చి అడిగింది, ఈ మధ్య యాంటీబయాటిక్ మందులేమైనా వాడారా అని.

"నహీ," అన్నాను.

అబద్ధం ఆడుతున్నానని నాకు తోచనే లేదు. డాక్టరు నా పేరు మీద రాస్తే అది మందు. డబ్బాలో మిగిలి ఉన్నది మందెలా అవుతుంది? రాత్రి మిగిలిన అన్నం తిని ఎవరైనా ఇవాళ వంట చేశామని చెబుతారా?

రెండు వారాల తర్వాత ఫలితం వచ్చింది. నీటిలో ఏ పురుగూ లేదు. కీలు వదులైందంతే, ఒక్క ఆపరేషనుతో సరిపోతుందన్నారు. ఆగస్టు ఆఖరివారంలో రోజు ఇచ్చారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం, మా ఆయన తప్ప.

"రకతం ఒకటి సెప్తోంది, నీరు ఇంకోటి సెప్తోంది," అన్నారు ఆయన. "రెండు మిషన్లు రెండు మాటలు సెప్తే మేం ఆ పట్టాని బైటికి పంపీవోళ్ళం కాదు. పక్కన పెట్టి మళ్ళీ సూసీవోళ్ళం."

"అయితే నన్ను కూడా మిల్లులో పక్కన పెట్టీండి."

ఆయన నవ్వారు. మాత్రలు అయిపోయిన పది రోజులకు మోకాలు మళ్ళీ వెచ్చబడింది. అది నాకు తెలుసు. ఆపరేషను ఎలాగూ ఉంది కదా అని ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు చివర

ఆపరేషను మర్నాడు పొద్దున. ముందు రోజే చేరాం. మంచం ఖాళీ అయ్యేదాకా హాల్లో కూర్చోమన్నారు. నా పక్కన రాజనందగావ్ వైపు పల్లెటూరి ఆవిడ, నా ఈడే ఉంటుంది. తుంటి మార్పించుకుని, అది పాడై, మళ్ళీ వచ్చింది. పోలా పండక్కి చేసిన ఠేఠరీలు గుడ్డమూటలో తెచ్చుకుంది. మన జంతికల్లాంటివే, శనగపిండివి. మూట విప్పి నా ఒళ్ళో రెండు పెట్టింది.

"ఖా లే దాయీ. కాల్ ఆపరేషన్ హే, ఆజ్ తో ఖా లే."

తినమ్మా, రేపు ఎలాగూ కోస్తారు, ఇవాళైనా తిను అని. నేను ఒకటి కొరికాను. ఆవిడ చేతిలో నాకు ఇచ్చినటువంటి కాగితమే ఉంది. ఆవిడకూ చదువు రాదు. చదివి పెట్టమని సునీత వైపు చాచింది.

"బేటీ, పఢ్ తో. కా లిఖే హే?"

సునీత గట్టిగా చదివింది. హిందీలో ఆవిడ కోసం, తెలుగులో నా కోసం. "సూది పెట్టే ముందు రెండు హఫ్తాలు, అంటే పద్నాలుగు రోజులు, యాంటీబయాటిక్ ఏదీ తినకూడదు. తింటే లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా టెస్టులో రాదు. ఘర్ మే బచీ హుయీ దవాయీ, అదే, ఇంట్లో మిగిలినవి కూడా తినకూడదు."

ఆవిడ నుదురు కొట్టుకుంది. "మోర్ సంగ్ తో యహీ హోయిస్!" తనకు జరిగింది ఇదేనట. పరీక్షకు ముందు ఊళ్ళో ఎవరో సూదిమందులు పొడిచారు, పరీక్షలో పురుగు దొరకలేదు, కొత్త తుంటి వేశారు, అది ఏడాది కూడా నిలవలేదు. ఇప్పుడు ఎంత ఎముక ఉందో చూసి చెబుతామన్నారట. ఇంత కష్టం చెబుతూ కూడా ఆవిడ మూట నా వైపు జరుపుతూనే ఉంది.

నా నోట్లో ఠేఠరీ అలాగే ఉండిపోయింది.

చెప్పకపోతే ఏమవుతుంది అని ముందు అనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. పది మాత్రలేగా, అంతమాత్రానికి ఏమవుతుంది అనుకున్నాను. అసలు సంగతి అది కాదు. చెబితే సునీత ముందు చెప్పాలి. ఏ డబ్బా కోసం ఆ పిల్ల పుట్టింటిని అన్నానో ఆ డబ్బా సంగతే చెప్పాలి. కోడలిగా వచ్చి పన్నెండేళ్ళయింది. తప్పు నాది అన్న మాట ఒక్కసారి కూడా నా నోటి నుంచి విని ఎరగదు. ఎదురుగా గోడ గడియారం ఉంది. ఆపరేషనుకు ఎన్ని గంటలుందో లెక్కపెట్టాను. తర్వాత నా కాలి వైపు చూసుకున్నాను.

"సునీతా."

"హాఁ అత్తయ్యా."

"నాను మింగీసినాను."

"మెల్లగా తినండి, నీళ్ళు తేనా?"

"ఇది కాదే. డబ్బాలోవి. శ్రీను పంటి మాత్రలు ఆరు, పార్వతమ్మవి నాలుగు. సూది పొడిసిన దినం పొద్దున్న కూడా."

చెప్పానా అంటుందని తల వంచుకుని కూర్చున్నాను. తల ఎత్తేసరికి ఆ పిల్ల కుర్చీలో లేదు. చెప్పులు వదిలేసి నర్సుల బల్ల వైపు పరుగెడుతోంది.

డాక్టరు తానే వచ్చాడు. ఎన్ని, ఎప్పుడు, ఏ రంగువి అన్నీ అడిగాడు. నా నోటితో నేనే చెప్పాను. విని రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు, తర్వాత నవ్వాడు.

"మాతాజీ, మీరు దొంగకు బొంత కప్పి, నన్ను వచ్చి వెతకమన్నారు."

ఈ పురుగు లోహానికి అతుక్కుని తన మీద తానే ఒక పొర కప్పుకుంటుందట. మన మాత్రలకు పొర బయట తిరిగేవి కొన్ని చస్తాయి, నొప్పి తగ్గినట్టుంటుంది. సూదిలోకి వచ్చే నీటిలో పురుగు జాడ దొరకదు. లోపలివి మాత్రం పక్కకు ఒత్తిగిలి పడుకుంటాయి. ఆ మాట వింటుంటే నా మోకాలిలో ఎవరో ఆవలించినట్టనిపించింది.

"కోపం వచ్చిందా బాబూ?" అని హిందీలో అడిగాను.

"ఇవాళ చెప్పారు, అందుకని రాలేదు. రేపు సాయంత్రం చెప్పి ఉంటే వచ్చేది," అని ఆపరేషను రద్దు చేయించాడు.

తిరిగి వస్తుంటే కారులో కుమ్హారీ ఊరు దాటాక మా ఆయన అన్నారు, "పట్టాకి పరీక్ష పెట్టే ముందు రంగు పూసీసినావే."

నేను ఎదురు మాట అనలేదు. ఆయన కంగారుపడి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు, జ్వరమేమోనని.

ముందు సీట్లోంచి సునీత వెనక్కి తిరిగింది. "నా గల్తీ కూడా ఉంది అత్తయ్యా. ఆ కాగితం అప్పుడే చదవాల్సింది. గుస్సా మే ఫైల్లో పెట్టేశాను."

"నీకు గుస్సా తెప్పించినది నాను కదా. రైల్వేవోళ్ళని అనకుండా ఉండాల్సింది. తప్పు నాది."

కారు నడుపుతున్న శ్రీను అద్దంలోంచి నన్ను చూశాడు. ఆ చూపు మీరు చూడాలి. ఎదర లారీ ఉందిరా, రోడ్డు చూడు అని కసిరాను.

సెప్టెంబరు

ఇంటికి రాగానే డబ్బా సునీత చేతికి ఇచ్చాను. వీధిలో సగం మంది నాతో మాట్లాడడం మానేశారు. తలనొప్పి వస్తే ఎక్కడికి పోవాలట! డాక్టరు దగ్గరకు పొండి అన్నాను.

రెండు వారాలు డాక్టరు ఒప్పుకున్న నొప్పిమాత్ర ఒక్కటి తప్ప ఇంకేదీ లేకుండా గడపాలి. గడిపాను. ఆ పద్నాలుగు రోజుల గురించి ఎక్కువ రాయను, పళ్ళు బిగించుకుని ఉంటే పోయేవే. మళ్ళీ రాయపూర్, మళ్ళీ సూది. ఈసారి నర్సమ్మ అడగకముందే నేనే మొదలుపెట్టాను, పొద్దున తాగిన టీ దగ్గర నుంచి. చాలు మాతాజీ అని ఆమే ఆపింది.

ఈ పురుగు నెమ్మదిగా మొలిచే రకం కావచ్చునట, అందుకని పద్నాలుగు రోజులు ఆ నీటిని ఉంచి చూస్తామన్నారు. నాకు పెసలు మూటకట్టడం గుర్తొచ్చింది. రోజూ సునీత చేత ల్యాబుకు ఫోను కలిపించి నేనే అడిగేదాన్ని. అవతలి మనిషి నా గొంతు గుర్తుపట్టి, ఇంకా మొలవలేదని తానే చెప్పేవాడు, "అభీ నహీ నిక్‌లా మాతాజీ."

పదకొండో రోజు నేను చింతపండు పిక్కలు తీస్తున్నాను. సునీత ఫోను పట్టుకుని వంటింట్లోకి దూకింది.

"అత్తయ్యా, మిల్ గయా! దొరికింది!"

ఏ జాతిదో, ఏ మందుకు చస్తుందో కూడా తెలిసిపోయింది. మా ఆయన చొక్కా వేసుకుని వెళ్ళి బూందీ లడ్డూలు తెచ్చారు. నేను ఎన్ని అని అడగలేదు. కేకలు విని పార్వతమ్మ గోడ మీంచి తొంగిచూసింది.

"ఏటి వొదినా, సునీతకేటైనా ఇసేసమా?"

"సునీతకి కాదు, నాకే. పురుగు దొరికినాది."

"ఏటీ?"

"మోకాల్లో పురుగు. తీపి తిను."

ఆమె లడ్డూ పట్టుకుని మా అందరి ముఖాల వైపూ మార్చి మార్చి చూసింది. పురుగు ఉందని పండగ చేసుకునే ఇల్లు ఆమె ఎక్కడా చూసి ఉండదు. దొరకని దొంగ కంటే దొరికిన దొంగ మేలని ఆమెకు చెప్పడానికి అరగంట పట్టింది.

ఆ సంతోషం సాయంత్రానికి దిగిపోయింది. రెండు ఆపరేషన్లు, మధ్యలో కీలు లేని నెలలు. స్నానాల గదిలోకి వెళ్ళి, ఎవరికీ వినబడకుండా కుళాయి తిప్పి ఏడుద్దామనుకున్నాను. నీళ్ళు ఊరికే పోతున్నాయని కట్టేసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

అక్టోబరు నుంచి డిసెంబరు

పాత కీలు తీసి, దాని స్థానంలో మందు కలిపిన సిమెంటు దిమ్మ లాంటిది పెట్టారు. కాలు చాచి ఉంచాలి, మడవకూడదు. ఆరు వారాలు నరంలోకి మందు ఎక్కించడానికి రోజూ వైశాలి నగర్‌లో ఒక చిన్న క్లినిక్కుకు వెళ్ళేవాళ్ళం. చాచిన కాలుతో ఆటో ఎక్కడం అంటే మంచాన్ని ఆటో ఎక్కించడమే. మూడో రోజుకు ఆటో నడిపే భయ్యా తన సీటు పక్కన ఒక చెక్క పలక బిగించి, మీద గోనెసంచి మడిచి పరిచి తెచ్చాడు. కాలు అక్కడ పెట్టుకోండి అమ్మా అన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే, మీ ముఖం చెప్పింది అన్నాడు.

ఇంట్లో అన్ని రోజులూ బాగా గడిచాయని చెప్పను. శ్రీను డ్యూటీ దిగి వచ్చి నిద్రపోకుండా నన్ను లేపి కూర్చోబెట్టేవాడు, విసుక్కునేవాడు, విసుక్కున్నందుకు బాధపడేవాడు. సునీత వంట, పిల్లల బడి, నా స్నానం, క్లినిక్కు. ఒకరోజు నేను కూరలో నూనె ఎక్కువైందన్నాను. చేతిలో గరిటె గట్టుమీద పెట్టేసింది.

"మై భీ ఇన్సాన్ హూఁ అత్తయ్యా," అని గదిలోకి వెళ్ళిపోయింది.

నిజమే, ఆమె కూడా మనిషే. నేను వాకరు పట్టుకుని, గట్టుకు నడుము ఆనించి టీ పెట్టాను. రెండు గ్లాసుల టీకి ఎంతసేపు పట్టిందో చెబితే నవ్వుతారు. గ్లాసు మోసుకెళ్ళడం కుదరదు కదా, అక్కడి నుంచే పిలిచాను. వచ్చి ఒక గుక్క తాగి ముఖం పెట్టింది.

"చీనీ ఏది?"

"ఏసినాను."

"ఎక్కడ?"

చెంచా కొసన ఎంత పంచదార వేశానో వేలు పెట్టి చూపించాను. ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. పంచదార డబ్బా దించి రెండు చెంచాలు తానే వేసుకుంది. నేను చూస్తూ ఊరుకున్నాను. నా అనారోగ్యంలో అది నాకు కష్టమైన ఘట్టాల్లో ఒకటి.

జనవరి తర్వాత

మందులన్నీ రెండు వారాలు ఆపి, మళ్ళీ రక్తం, మళ్ళీ సూది చూసి, కొత్త కీలు వేశారు. ఆపరేషను చేస్తూ అయిదు చోట్ల నుంచి ముక్కలు తీసి పరీక్షకు పంపారు. మళ్ళీ పద్నాలుగు రోజులు. అయిదో రోజు ఫోను చేస్తే ల్యాబు మనిషి ఏమీ మొలవలేదన్నాడు, నేను నమ్మలేదు. పదకొండో రోజూ అదే అన్నాడు, ఆ రోజు అన్నం సయించలేదు. పదిహేనో రోజు డాక్టరే ఫోను చేశాడు. అయిదింటిలోనూ ఏమీ లేదు.

"ఈసారి నమ్మొచ్చా బాబూ?" అన్నాను.

"మీరేమీ మింగకపోతే నమ్మొచ్చు," అన్నాడు. మింగలేదు. ఒట్టేసి చెప్పాను.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ రాజనందగావ్ ఆవిడను చూశాను. ఆవిడకూ కొత్త తుంటి కుదిరింది, చేతికర్రతో నడుస్తోంది. ఆ రోజు ఆవిడ కాగితం చదివించుకోకపోతే నేనేమయ్యేదాన్నో. ఈసారి మూట నేను తీసుకెళ్ళాను, జంతికలు. గట్టిగా ఉన్నాయంది.

మీకు చెప్పేదేమిటంటే, జ్వరం లేదని ధీమాగా ఉండకండి. మార్పించుకున్న కీలు ఊరుకున్నప్పుడు కూడా నొప్పెడుతున్నా, వెచ్చగా తగులుతున్నా వెళ్ళి చూపించుకోండి. మింగినవన్నీ చెప్పండి. డాక్టరు రాసినవే కాదు, పక్కింటావిడ ఇచ్చినవి, మీ అబ్బాయికి మిగిలినవి, అన్నీ. చదవడం రాకపోతే ఎవరిచేతనైనా చదివించుకోండి. వాళ్ళతో మాటలు లేకపోతే ముందు మాట కలుపుకోండి.

మొన్న ఆదివారం పొద్దున డాబా మెట్లు ఎక్కాను. పద్నాలుగు మెట్లు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టుకు ఆగి, ఎలాగైతేనేం పైకి చేరాను. పది నెలల తర్వాత మా వీధిని పైనుంచి చూశాను. ఎవరింటి మీద ఏం ఆరేశారో అన్నీ చూశాను. తర్వాత కిందికి కేకేశాను.

"ఏటండీ, రండి. గాలి బావున్నాది."

మా ఆయన మెట్ల దగ్గరకు వచ్చారు. మొదటి మెట్టు మీద కాలు పెట్టారు. గోడకు చెయ్యి ఆనించి అక్కడే నిలబడిపోయారు.

"నువ్వుండు. నాకు పనున్నాది."

"ఏటి పని?"

ఆయన ఎడమ మోకాలి మీద అరచెయ్యి పెట్టుకుని ఉన్నారు.

"నొప్పా?"

"అబ్బే."

"ఎన్నాళ్ళనించి?"

"నీ ఆపరేషనప్పటినించి. నీ గొడవలో ఎందుకులే అని..."

"ఏటి మింగినారు?"

ఆయన పక్కింటి గోడ వైపు చూశారు. "ఒకటే మాత్ర. రోజూ కాదు. పార్వతమ్మ ఇచ్చినాది."

ఎక్కడానికి పావుగంట పట్టిన ఆ పద్నాలుగు మెట్లూ ఎలా దిగానో నాకు గుర్తు లేదు. కింద ఆయన ముందు నిలబడ్డాక చూసుకున్నాను, నా రెండు చేతులూ నడుము మీద ఉన్నాయి, ఒక్కటీ గోడ మీద లేదు. మంగళవారం రాయపూర్ వెళుతున్నాం. ఈసారి రోగి ఆయన, చెప్పేది నేను.